వెనక రెండు టైర్లు వేరే రకం వేసి ‘ఏమీ తేడా ఉండదు’ అన్నారు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: నేను ఆర్డర్ చేసిన నాలుగు ఆల్ సీజన్ టైర్లలో వెనక రెండూ వేరే మోడల్‌వి బిగించడం, మార్చమంటే కుదరదనడం గురించి.

నమస్కారం.

మీ దగ్గర టైర్లు కొని అయిదు వారాలైంది. ఆర్డర్ కాపీ, బిల్లు, టైర్ల ఫొటోలు, మీ వాళ్లు నాకు పంపిన మూడు జవాబులు ఈ లేఖతో జత చేశాను. మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తుతున్నారు, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వస్తోంది. అందుకే జరిగిందంతా ఒక్కచోట రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది. దయచేసి చివరిదాకా చదవండి.

నాది రియర్ వీల్ డ్రైవ్ స్పోర్టీ కారు. ఇంజన్ ముందు, పవర్ వెనక చక్రాలకు. ముందు టైర్లు 225/45 ఆర్ 18, వెనకవి కాస్త వెడల్పు, 255/40 ఆర్ 18. కారుతో వచ్చినవి సమ్మర్ టైర్లు. ఎండాకాలంలో, పొడి రోడ్డు మీద వాటికి వంక పెట్టడానికి లేదు. కానీ 7 డిగ్రీల దగ్గరికి చలి దిగేసరికి ఆ రబ్బరు గట్టిపడి పట్టు తగ్గిపోతుంది. నాకు రెండో సెట్టు దాచుకునే జాగా లేదు. ఏడాది పొడుగునా ఆఫీసుకీ, మా పాపని స్కూల్లో దింపడానికీ ఇదే కారు. అందుకే ఈసారి ఆల్ సీజన్ వేయిద్దామనుకున్నాను. ఎండలో సమ్మర్ టైరంత, మంచులో వింటర్ టైరంత బాగా ఆల్ సీజన్ పనిచేయదని తెలుసు. తెలిసే ఒప్పుకున్నాను. అలా ఒప్పుకున్నాను కాబట్టే, ఆల్ సీజన్లలో ఏది తీసుకోవాలన్నదాని మీద మూడు వారాలు కూర్చుని చదివాను, మీ చాట్‌లో అడిగాను.

ఆ చాట్ మొత్తం మీ దగ్గర ఉంటుంది, ఒకసారి తీసి చూడండి. నాలుగూ ఒకే మోడల్ కావాలన్నాను. మెత్తగా, నిశ్శబ్దంగా పోయే టూరింగ్ రకం వద్దు, స్టీరింగ్ తిప్పగానే కారు మాట వినేలా పక్కలు గట్టిగా ఉండే పెర్ఫార్మెన్స్ రకమే కావాలన్నాను. స్పీడ్ రేటింగ్, అంటే టైరు ఎంత వేగం దాకా తట్టుకుంటుందో చెప్పే అక్షరం, డబ్ల్యూ ఉండాలన్నాను. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు ఉన్న గుర్తు, అంటే మంచు పరీక్ష పాసైందని చెప్పే గుర్తు, ఉండాలన్నాను. మీ ప్రతినిధి ఆ నాలుగూ సరిపోయే మోడల్ ఒకటి చెప్పి, రెండు సైజుల్లోనూ దొరుకుతుందని రాసి ఇచ్చారు. నేను వెంటనే ఆర్డర్ పెట్టి మొత్తం డబ్బు కట్టేశాను.

ఫిట్టింగ్ రోజు ఉదయం కారు ఇచ్చి, సాయంత్రం తీసుకున్నాను. బిల్లులో వెనక టైర్ల వరసలో మోడల్ పేరు లేదు, ‘ఈక్వివలెంట్’ అని ఉంది. ఇదేమిటని కౌంటర్‌లో అడిగాను. “ఆ మోడల్ వెనక సైజులో స్టాక్ లేదండి. అదే సైజు వేరేది వేశాం, అదీ ఆల్ సీజనే. ఏమీ తేడా ఉండదు” అన్నారు. రోజూ టైర్లతో పనిచేసే వాళ్లు అంత ధీమాగా చెబుతుంటే కాదనడానికి అప్పుడు నా దగ్గర ఆధారం లేదు. బండి తీసుకుని వచ్చేశాను. బిగించే ముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే వద్దని చెప్పేవాణ్ణి, ఈ లేఖ రాసే అవసరమే ఉండేది కాదు.

కొత్త టైర్ల మీద తయారీలో వాడే జారుడు పూత కొంత మిగిలి ఉంటుంది, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి అని తెలుసు. అలాగే నడిపాను. అయినా మొదటి వారంలోనే ఏదో తేడాగా ఉంది. స్టీరింగ్ తిప్పితే ముందు భాగం చటుక్కున తిరుగుతోంది, వెనక భాగం మాత్రం ఒక క్షణం ఆలస్యంగా, ఊగుతూ వస్తోంది. ముందు సగం ఒక కారుదీ, వెనక సగం ఇంకో కారుదీ అన్నట్టు. అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల్లో తేడా ఏమో అనుకుని మళ్లీ చూపించాను. అంతా సరిగానే ఉందన్నారు.

దాదాపు 800 కిలోమీటర్లు తిరిగాక, ఒక సాయంత్రం. వాన అప్పుడే తగ్గింది, రోడ్డంతా తడి. పాప వెనక సీట్లో ఉంది. రౌండ్‌అబౌట్ నుంచి బయటికి వచ్చే మలుపులో, మీటర్ మీద 40 కూడా లేదు, యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం వేశాను, అంతే. కారు వెనక భాగం పక్కకి జారిపోయింది. డ్యాష్‌బోర్డ్ మీద, కారు జారకుండా ఆపే స్టెబిలిటీ కంట్రోల్ లైటు గబగబా వెలిగి ఆరుతోంది. స్టీరింగ్ ఎటు తిప్పానో నాకే గుర్తులేదు. కారు సర్దుకునేసరికి సగం పక్క లేన్‌లో ఉన్నాం. ఆ క్షణాన ఆ లేన్‌లో ఇంకో బండి లేదు కాబట్టి సరిపోయింది. పాప “నాన్నా, ఏమైంది?” అని అడిగింది. ఏమీ లేదమ్మా అన్నాను. ఇంటికి చేరేదాకా నా చేతుల వణుకు తగ్గలేదు.

ఆ రాత్రి టార్చి పట్టుకుని నాలుగు చక్రాల దగ్గరా కింద కూర్చుని, టైర్ల పక్కన ఉన్న అక్షరం అక్షరం చదివాను.

ముందు టైర్ల మీద నేను అడిగినవన్నీ ఉన్నాయి. డబ్ల్యూ, అంటే గంటకు 270 కిలోమీటర్ల దాకా. కొండ, మంచుపువ్వు గుర్తు. తయారీ వివరాలు చెప్పే డాట్ కోడ్ చివర 0925, అంటే 2025లో తొమ్మిదో వారంలో తయారైనవి. వెనకవి మీరు ‘ఏమీ తేడా ఉండదు’ అన్న టైర్లు. వాటి మీద స్పీడ్ రేటింగ్ వి, అంటే 240. మంచుపువ్వు లేదు, ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని అర్థం) అన్న అక్షరాలు మాత్రం ఉన్నాయి. డాట్ కోడ్ 3321, అంటే 2021లో 33వ వారం. పేరులోనే టూరింగ్ అన్న మాట. పక్క గోడ వేలితో నొక్కి చూస్తే తెలిసేది కాదు గానీ, నడిపేటప్పుడు వెనక ఊగుడు ఎందుకో అప్పుడు అర్థమైంది.

వయసొక్కటే అయి ఉంటే ఇంత రాసేవాణ్ణి కాను. ఎండా వేడీ తగలకుండా దాచిన టైరు రెండేళ్లు గోడౌన్‌లో ఉన్నా ఏం కాదని నాకూ తెలుసు. నాలుగేళ్లంటే, అదీ కొనేవాడికి చెప్పకుండా అంటే, ఒప్పుకోలేను. స్పీడ్ రేటింగ్ గురించి మీ వాళ్లు “మీరు 240లో వెళ్తారా ఏంటి?” అని అడిగారు. వెళ్లను. ఎప్పటికీ వెళ్లను. కానీ రేటింగులు వేరు వేరుగా వేయక తప్పకపోతే ఎక్కువ రేటింగ్ ఉన్నవి వెనక ఉండాలన్నది ఈ పనిలో ఉన్న వాళ్లందరికీ తెలిసిన నియమం. మీరు సరిగ్గా తలకిందులు చేశారు.

ఈ ఒక్క విషయం మీకు అర్థమయ్యేలా చెప్పాలన్నదే నా బాధంతా. రెండే కొత్త టైర్లు కొన్నా సరే, ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయినా సరే, మంచివి వెనకే వేస్తారు. ఎందుకు? ముందు టైర్లు పట్టు తప్పితే కారు తిన్నగా పోతుంది. కాలు తీస్తే, వేగం తగ్గితే మళ్లీ దారికి వస్తుంది. వెనకవి పట్టు తప్పితే కారు బొంగరంలా తిరిగిపోతుంది, మామూలు డ్రైవర్ దాన్ని ఆపలేడు. ఇక రియర్ వీల్ డ్రైవ్‌లో కారుని తోసేదీ ఆ రెండే. మలుపులో పక్కకి లాగే బలాన్ని ఆపుకోవాలి, అదే సమయంలో ఇంజన్ బలాన్ని రోడ్డు మీద దింపాలి. రెండు బరువులూ ఒకే చోట. అలాంటి చోట పట్టు తక్కువ ఉన్న, నాలుగేళ్ల నాటి టైర్లు వేసి, ముందేమో గట్టి పట్టున్నవి వేశారు. ముందు భాగం మలుపు తీసుకుంది, వెనక భాగం దాన్ని అందుకోలేకపోయింది. ఆ రోజు జరిగింది అదే. నాలుగూ ఆ టూరింగ్ టైర్లే వేసి ఉన్నా ఇంతకంటే నయం, కనీసం ముందూ వెనకా ఒకేలా ఉండేవి.

మంచు సంగతి ఇంకా ఘోరం. ఎం ప్లస్ ఎస్ అన్నది ఏ మంచు పరీక్షా పాసవకపోయినా తయారీదారు వేసుకోగల ముద్ర. మంచుపువ్వు గుర్తు అలా కాదు, మంచు మీద పట్టు పరీక్ష పెట్టి, ప్రామాణిక టైరు కంటే నిర్ణీత మేర మెరుగని తేలితేనే వేస్తారు. జర్మనీలో చలికాలపు రోడ్ల మీద ఎం ప్లస్ ఎస్ ఒక్కటే ఉంటే చాలదని నియమం మార్చారు. 2018 నుంచి తయారైన వాటికి మంచుపువ్వు తప్పనిసరి చేసి, పాతవాటికిచ్చిన గడువు కూడా 2024 సెప్టెంబరుతో ముగించారు. నా కారులో ఇంజన్ బరువు ముందుంది, వెనక తేలిక. మంచులో కారు కదలాలంటే ఆ తేలికైన వెనక చక్రాలే తొయ్యాలి. తొయ్యాల్సిన వాటికే ఆ గుర్తు లేదు.

ఇప్పుడు మీ మూడు జవాబులు.

మొదటిది, “సైజు, లోడ్ ఇండెక్స్ సరిపోయాయి కాబట్టి మా తప్పు లేదు” అని. లోడ్ ఇండెక్స్ 95, అంటే ఒక్కో టైరు 690 కిలోలు మోస్తుంది. నిజమే, కారుకి అది చాలు. నేనెప్పుడూ సైజు తప్పనలేదు. చక్రానికి పట్టినంత మాత్రాన ఆ కారుకి నప్పినట్టు కాదు.

రెండో జవాబు చదివి నిజంగా బాధపడ్డాను. “వెనక వేసినవి ఇంకా మంచివి, వాటి ట్రెడ్‌వేర్ 640, ముందువి 500” అని రాశారు. ట్రెడ్‌వేర్ అంకె చెప్పేది అరుగుదల గురించి. 100 అంకె ఇచ్చిన ఒక పోలిక టైరుతో పక్కపక్కన నడిపి, ఏది ఎంత నెమ్మదిగా అరిగిందో చూసి, తయారీదారే వేసుకునే అంకె అది. తడి రోడ్డు మీద ఆ టైరు ఎంత గట్టిగా పట్టుకుంటుందన్న మాట అందులో ఎక్కడా లేదు. ఒక కంపెనీ వేసిన 640కీ ఇంకో కంపెనీ వేసిన 500కీ పోలిక పెట్టడం కూడా సరికాదు. టైర్లు అమ్మే మీరు ఆ అంకె చూపించి ‘ఇంకా మంచివి’ అని ఒక కస్టమర్‌కి రాతపూర్వకంగా చెప్పడం చాలా ప్రమాదం. ఇది చదివి నమ్మేవాళ్లు ఉంటారు.

అరుగుదల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. మీ పేజీలో మైలేజ్ వారంటీ, అంటే టైర్లు ఇన్ని కిలోమీటర్లు నడుస్తాయన్న హామీ, పెద్ద అక్షరాల్లో వేశారు. ముందూ వెనకా సైజులు వేరైతే టైర్లు ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చడం కుదరదు. అందుకే చాలా తయారీదారులు అలాంటి కార్లలో వెనక టైర్లకి సగం మైలేజే లెక్కిస్తారు. నా కారు సైజులు మీకు తెలుసు, ఆర్డర్‌లోనే ఉన్నాయి. అయినా ఈ సగం మైలేజ్ సంగతి ఫిట్టింగ్ అయ్యాక వచ్చిన వారంటీ కాగితంలోనే కనబడింది. డబ్బు కట్టే ముందే చెప్పాల్సింది.

మూడో జవాబు, “వాడిన టైర్లు వాపసు తీసుకోము” అని. వాడకుండా తేడా ఎలా తెలుస్తుందండీ? పైగా నేను మనసు మార్చుకుని వెనక్కి ఇవ్వడం లేదు. నేను కొన్నది మీరు ఇవ్వలేదు. ఆర్డర్‌లో ఒక పేరు ఉంది, చక్రం మీద ఇంకో పేరు ఉంది. రెండింటి ఫొటోలూ పక్కపక్కన పెట్టి పంపాను. దీనికి వాపసు నిబంధనతో సంబంధమే లేదు.

నేను అడిగేది ఇది. వెనక రెండు టైర్లూ తీసేసి, నేను ఆర్డర్ చేసిన మోడల్‌వే, ముందువాటి లాగే ఈమధ్య తయారైనవే వేయండి. ఫిట్టింగ్, బ్యాలెన్సింగ్ ఖర్చు మీదే. బిగించే ముందు డాట్ కోడ్ నాకు చూపించండి. ఆ సైజులో ఆ మోడల్ పదిహేను రోజుల్లో తెప్పించలేకపోతే నాలుగూ వెనక్కి తీసుకుని మొత్తం డబ్బు తిరిగి ఇవ్వండి. ముందు రెండూ బాగున్నాయి కదా, అవి ఉంచుకోండి అనకండి. జత లేని ఆ రెండింటితో నాకేం పని లేదు.

ఇంకొకటి. ఇది నా డబ్బుకి సంబంధించినది కాదు, అయినా అడుగుతున్నాను. మీ వెబ్‌సైట్‌లో టైరు వెతికితే సైజు అడుగుతుంది, ధరల వరస చూపిస్తుంది. ఏ చక్రాలకు పవర్ వెళ్తుందని ఒక్క ప్రశ్న కూడా అడగదు. ఆ ప్రశ్న పెట్టండి. ముందొక మోడల్, వెనకొక మోడల్ ఎంచుకుంటే ఆపి హెచ్చరించేలా చెయ్యండి. స్టాక్ లేనప్పుడు కస్టమర్ ఒప్పుకోకుండా వేరేది బిగించకూడదని మీ ఫిట్టింగ్ వాళ్లకి గట్టిగా చెప్పండి. కొత్తగా రియర్ వీల్ డ్రైవ్ కారు కొన్న కుర్రవాడు ఎవరైనా రేపు మీ కౌంటర్‌కి రావచ్చు. అతనికి ‘ఏమీ తేడా ఉండదు’ అని చెప్పకండి.

ఆ సాయంత్రం నుంచి వాన పడితే కారు బయటికి తీయడం లేదు. పాపని బస్సులో పంపుతున్నాను. కార్డు ద్వారా కట్టిన డబ్బు మీద అభ్యంతరం తెలపడానికి నా బ్యాంకు నుంచి ఫారం తెచ్చుకున్నాను, ఇంకా నింపలేదు. ఈ లేఖ అందిన పది రోజుల్లో, పేరు, హోదా ఉన్న ఒక బాధ్యుడి నుంచి రాతపూర్వకంగా జవాబు రావాలి. రాకపోతే ఆ ఫారం బ్యాంకులో ఇచ్చి, వినియోగదారుల కమిషన్‌లో కూడా కేసు వేస్తాను. తీసిన టైర్లు మీరు పరీక్షించుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు. శనివారాలు ఉదయం నేను ఇంట్లోనే ఉంటాను, కారు మీ దగ్గరికి తేగలను, వాన లేకపోతే.

ఇట్లు,
మీ కస్టమర్

జతపరచినవి: ఆర్డర్ కాపీ, బిల్లు, చాట్ కాపీ, నాలుగు టైర్ల ఫొటోలు, అలైన్‌మెంట్ రిపోర్టు, మీ మూడు జవాబులు.