మంచు అడుగున పారే నీటికీ గేజీ కావాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

హిమాలయాల్లోని సరస్సులు ఏటేటా విస్తరిస్తున్నాయన్న వార్తలు ఈ మధ్య మీ పత్రికలోనూ, ఇతర పత్రికల్లోనూ ఉపగ్రహ చిత్రాలతో సహా తరచుగా వస్తున్నాయి. అవి అవసరమైన వార్తలే. అయితే ముప్పయ్యేళ్లకు పైగా నీటిపారుదల శాఖలో కాలువల మీద, ఆనకట్టల మీద పనిచేసిన వాడిగా నాకు వాటిలో ఒక లోటు కనిపిస్తోంది. ఆకాశం నుంచి కంటికి ఆనే నీటినే మనం లెక్కపెడుతున్నాం. మంచు లోపల, మంచు అడుగున కదిలే నీటి సంగతి దాదాపు ఎవరూ ఎత్తడం లేదు.

రిటైరయిన ఏడాది మా ఆవిడతో కలిసి గంగోత్రి యాత్రకు వెళ్లి, అక్కడి నుంచి నడిచి, భాగీరథి మంచులోంచి బయటపడే గోముఖ్ చూశాను. దారిలోని భోజ్‌బాసాలో రాత్రి బస చేసి, తెల్లవారుతూనే ఏటి ఒడ్డుకు వెళితే భాగీరథి చాలా తగ్గి పారుతోంది. ముందురోజు సాయంత్రం ఒక బండ మీద నేను గుర్తుపెట్టుకున్న తడి గీత నీటికి జానెడు పైన ఉంది. మళ్లీ సాయంత్రానికి ఆ గీత మునిగిపోయింది. నీటిమట్టం కొలిచే గేజీలు చూసి చూసి అలవాటైన కంటికి అది పెద్ద పాఠం. నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లగా, కొంచెం బూడిద రంగులో ఉన్నాయి. దోసిట్లోకి తీసుకుంటే వేళ్ల మధ్య సన్నటి రాతిపిండి మిగిలింది. అంటే అవి మంచు మీద నుంచి జారిపడ్డ నీళ్లు కావు, మంచు లోపలికి దిగి, అడుగున నేలను ఒరుసుకుంటూ వచ్చిన నీళ్లు.

ఎండకు హిమానీనదం (మెల్లగా జారే పెద్ద మంచురాశి) పైభాగం కరిగినప్పుడు ఆ నీరు మంచు మీదే వాగులై పారి, పల్లాల్లో మడుగు కడుతుంది. మంచు కన్నా నీరు బరువైనది కాబట్టి, మడుగు కింద పగులు ఉంటే నీరు అందులో నిండి, తన బరువుతోనే దాన్ని లోతుకు చీల్చుకుంటూ పోతుంది. 2006 జూలైలో పశ్చిమ గ్రీన్‌లాండ్‌లో శాస్త్రవేత్తలు పరికరాలు అమర్చిన ఒక సరస్సు ఇలాగే దాదాపు కిలోమీటరు మందం మంచును చీల్చుకుని, గంటన్నర లోపు అడుగుకు దిగిపోయింది. ఆ నీరు 4.4 కోట్ల ఘనపు మీటర్లు, మన లెక్కలో ఒకటిన్నర టీఎంసీ. సగటున 3 లక్షల క్యూసెక్కుల ప్రవాహం అన్నమాట. వరద రోజుల్లో ఆనకట్ట మీద నిలబడి చూసిన వారికి ఆ అంకె ఎంతటిదో తెలుసు. అంత నీరు మంచులోని పగుళ్లలోకి పోయిందంటే మొదట నాకు నమ్మబుద్ధి కాలేదు. నీరు అడుగుకు చేరిన ఆ కాసేపట్లో కిలోమీటరు మందం మంచు 1.2 మీటర్లు పైకి లేచింది.

అడుగుకు చేరాక ఆ నీరు ఏం చేస్తుందన్నదే అసలు చిక్కు. వేసవి మొదట్లో మంచుకూ రాతికీ నడుమ ఇరుకు సందులే ఉంటాయి. నీటికి దారి చాలక ఒత్తిడి పెరుగుతుంది, నేల మీద మంచు పట్టు సడలుతుంది, దాని జారుడు వేగం హెచ్చుతుంది. రోజులు గడిచేకొద్దీ పారే నీటి రాపిడికి, వేడికి ఆ సందులే కరిగి సొరంగాలవుతాయి. వేసవి చివరికి నీరు సాఫీగా వెళ్లిపోతుంది కనుక ఒత్తిడి తగ్గి, మంచు మళ్లీ నెమ్మదిస్తుంది. చలికాలంలో పైబరువుకు సొరంగాలు పూడుకుపోతాయి, మరుసటి ఏడు అంతా మొదటికి వస్తుంది. మట్టికాలువకు నీళ్లు మెల్లగా పెంచుకుంటూ పోతే తట్టుకుంటుందనీ, ఒక్కసారిగా వదిలితే గట్లు తెగుతాయనీ కాలువల కాపలా చూసే మన లస్కర్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మంచు కింద కూడా అంతే. ఏడాది మొత్తంలో ఎంత కరిగిందన్నది ఎంత ముఖ్యమో, ఎంత హఠాత్తుగా కరిగిందన్నదీ అంతే ముఖ్యం. వాతావరణం వేడెక్కేకొద్దీ మంచు కురవాల్సిన ఎత్తుల్లోనూ, నీళ్లను ఒక్కసారిగా దించే వాన పడుతోంది. 2021 ఆగస్టు 14న గ్రీన్‌లాండ్ మంచు శిఖరం మీద, 3,200 మీటర్లు దాటిన ఎత్తులో, పరిశీలకులు నమోదు చేసినంతలో మొదటిసారి వాన కురిసింది.

ఇదంతా ఎక్కడి ముచ్చటో అనుకోవడానికి లేదు. 2025 జూలై 8న నేపాల్‌లోని రసువా దగ్గర వరద వచ్చి, చైనాతో కలిపే మైత్రీ వంతెన కొట్టుకుపోయింది. టిబెట్ వైపు ఒక హిమానీనదం మీద ఏర్పడిన సరస్సు ఖాళీ కావడమే దానికి కారణమని కాఠ్మండులో హిమాలయ ప్రాంతాన్ని అధ్యయనం చేసే ఇసిమోడ్ సంస్థ ప్రాథమికంగా తేల్చింది. 2023 అక్టోబరు 3 రాత్రి సిక్కింలో దక్షిణ ల్హోనక్ సరస్సు తెగినప్పుడు కారణం వేరు. అక్కడ ఒడ్డున ఉన్న మట్టీ రాళ్ల దిబ్బ జారి సరస్సులో పడింది. చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల తీస్తా విద్యుత్ కేంద్రం ఆనకట్ట కొట్టుకుపోయింది, పదుల సంఖ్యలో జనం చనిపోయారు. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం విడుదల చేసిన చిత్రాల ప్రకారం సెప్టెంబరు 28న 167.4 హెక్టార్లున్న ఆ సరస్సు అక్టోబరు 4 నాటికి 60.3 హెక్టార్లకు కుంచించుకుపోయింది. మన దగ్గరి శాస్త్రవేత్తలు చేసిన ఆ పని మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ రెండు చిత్రాల నడుమ ఉన్న ఆ రాత్రి, తీస్తా ఒడ్డున నిద్రపోతున్న వారికి అవి అక్కరకు రాలేదు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ వెళ్లి తిరిగిరాని వారు మన జిల్లాల్లోనూ ఉన్నారు. అక్కడ తెగిన చోరాబాడీ సరస్సు మామూలు రోజుల్లో ఎవరూ భయపడేంత పెద్దది కాదు.

కంటికి కనిపించని నీటిని కనిపెట్టడం అసాధ్యమేమీ కాదు. ఫ్రాన్స్ ఆల్ప్స్‌లో తేత్ రూస్ అనే చిన్న హిమానీనదం లోపల చేరిన నీరు 1892 జూలైలో ఒక రాత్రి బద్దలై, లోయలోని సేంజెర్వే ప్రాంతంలో సుమారు 175 మందిని పొట్టన పెట్టుకుంది. మంచు పైన ఏ సరస్సూ లేదు. శతాబ్దం తర్వాత అదే చోట భూభౌతిక పరికరాలతో వెతికితే మళ్లీ నీరు చేరినట్టు తేలింది. 2010లో మంచుకు బోర్లు వేసి దాదాపు 50 వేల ఘనపు మీటర్ల నీటిని తోడేశారు. అటువంటి పరికరాలతో పనిచేయగలిగిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. జనావాసాలకు, ఆనకట్టలకు ఎగువన ఉన్న హిమానీనదాలనైనా ముందుగా ఎంచుకుని, కొన్నేళ్లకొకసారి రాడార్‌తో లోపలి భాగం పరిశీలించే బాధ్యతను కేంద్రం ఇటువంటి సంస్థలకు, ఏటా నిధులిస్తూ, అప్పగించాలి.

రెండో సంగతి గేజీలు. హిమానీనదం నోటి దగ్గర గంటగంటకూ ప్రవాహాన్ని కొలిస్తే లోపల ఏం జరుగుతోందో చాలావరకు పట్టుకోవచ్చు. ఎండ కాస్తున్నా నీరు హఠాత్తుగా తగ్గిందంటే ఎక్కడో దారి మూసుకుని లోపల నిలుస్తూ ఉండవచ్చు. రాత్రి తగ్గాల్సిన నీరు తగ్గలేదంటే అది ఇంకో సూచన. అక్కడి చలిలో, రాళ్లు దొర్లే ప్రవాహంలో గేజీ నిలబెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా కొన్ని చోట్ల మన పరిశోధకులు ఆ పని చేస్తూనే ఉన్నారు. కావలసింది వాటి సంఖ్య పెరగడం, ఆ అంకెలు బయటకు రావడం. గంగ, బ్రహ్మపుత్ర, సింధు పరీవాహకాల ప్రవాహ గణాంకాల్లో చాలా భాగం పొరుగు దేశాలతో ముడిపడినవన్న కారణంతో రహస్యంగానే ఉండిపోతోంది. రక్షణ అవసరాలు ఉంటాయని ఒప్పుకుంటాను. అయితే గోముఖ్ దగ్గర ఈ ఉదయం నీరు ఎంత ఉందన్నది దిగువన ఉత్తరకాశీలో కాపురమున్న వారికి తెలియకూడని రహస్యమెలా అవుతుందో ఎవరైనా వివరించాలి.

మీ పత్రికలో వరద రోజుల్లో శ్రీశైలం, నాగార్జునసాగర్, ధవళేశ్వరం మట్టాలు, వచ్చే నీరు, పోయే నీరు పట్టికగా అచ్చువేస్తారు. పల్లెల్లో రైతులు ముందు ఆ పట్టిక చూశాకే మిగతా పేజీలు తిప్పడం నేనెరుగుదును. మే, జూన్ నెలల్లో మన రెండు రాష్ట్రాల నుంచి వేలాది మంది చార్‌ధామ్ యాత్రకు వెళ్తున్న రోజుల్లో భాగీరథి, మందాకిని, అలకనందల ఎగువ మట్టాలనూ ఆ పట్టికలో చేర్చాలని కోరుతున్నాను. అందుకు కావలసిన అంకెలు ఇవ్వమని సంబంధిత అధికారులను మీరే పత్రిక తరఫున అడగండి. వారు ఇవ్వబోమంటే ఆ జవాబునూ ప్రచురించండి.

భవదీయుడు,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజినీరు,
రాజమహేంద్రవరం