పాత బెన్, కొత్త బెన్

ఒరేయ్ రఘూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నానురా. కొత్త బెన్ టెన్ కార్టూన్ చెత్త, మన చిన్నప్పటిదే అసలు సిసలుదని తీర్పు చెప్పేసి, నా మాట వినకుండానే పెట్టేశావు. ఫోన్‌లో అయితే నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి రాస్తున్నాను. మా అక్క కొడుకు సెలవులకి వచ్చాడు. వాడి పుణ్యమా అని రెండు సిరీస్‌లూ పక్కపక్కనే పెట్టుకుని చూశాను. నువ్వన్నదాంట్లో సగానికి ఒప్పుకుంటా, మిగతా సగానికి మాత్రం నీతో గొడవే.

ముందు ఒక అపోహ వదిలించుకో. ఎవడో బయటివాడొచ్చి మన బెన్‌ని పాడుచేశాడంటావు కదా. 2005లో బెన్‌ని పుట్టించింది మ్యాన్ ఆఫ్ యాక్షన్ అనే నలుగురు రచయితలు: డంకన్ రూలో, జో కేసీ, జో కెల్లీ, స్టీవెన్ సీగల్. 2016లో రీబూట్, అంటే కథని మళ్లీ కొత్తగా మొదలెట్టిన సిరీస్, వచ్చినప్పుడూ వెనక ఉన్నది వాళ్లే. ఇంగ్లీషులో బెన్ గొంతు కూడా రెండింట్లోనూ టారా స్ట్రాంగ్‌దే. పిల్లాణ్ణి కన్నవాళ్లే మళ్లీ పెంచారు, కాకపోతే ఈసారి వేరేలా పెంచారు.

ఎలా అంటే, పాత సిరీస్ మొదటి ఎపిసోడ్ గుర్తు తెచ్చుకో. స్కూల్లో చిన్నపిల్లాణ్ణి ఏడిపిస్తున్న ఇద్దరు పోకిరీలకి అడ్డం వెళ్తాడు బెన్. ఫలితం? తనూ ఆ పిల్లాడూ చెడ్డీలతో చెట్టుకి వేలాడతారు. ఏలియన్లుగా మార్చే వాచీ ఇంకా రాలేదు, బలం లేదు, అయినా దూరిపోయాడు. నన్నడిగితే ఆ క్యారెక్టర్ మొత్తం ఆ ఒక్క సీన్‌లోనే ఉంది. ఆ తర్వాత తాత మ్యాక్స్ రస్ట్‌బకెట్ అనే ఇల్లులాంటి బండి వేసుకుని రావడం, అందులో తన కజిన్ గ్వెన్ ఉందని చూసి వీడు మొహం మాడ్చుకోవడం, రాత్రి తాత పురుగుల వంటకం వడ్డించడం. అలిగి అడవిలోకి నడుస్తుంటే ఆకాశంలోంచి ఒకటి రాలుతుంది, దారి మార్చుకుని మరీ వీడి మీదికే వస్తుంది. గుంటలో దిగి చూస్తే వాచీ ఎగిరి చేతికి పట్టేస్తుంది, ఊడిరాదు. మంటల ఏలియన్ హీట్‌బ్లాస్ట్ అయ్యాక చేసిన మొదటి ఘనకార్యం ఏంటి? అడవికి నిప్పంటించడం! ఎదురుమంట పెట్టి ఆర్పే ఉపాయం కూడా తాతదే.

రీబూట్‌లో ఈ తంతు ఉండదు. కథ మొదలయ్యేసరికే వాచీ చేతికి ఉంటుంది, బండి రోడ్డు మీద ఉంటుంది. ఎపిసోడ్ పదకొండు నిమిషాలు, పాతదాంట్లో సగం. అలగడానికి, భయపడటానికి, చేసినదానికి సిగ్గుపడటానికి టైమ్ ఎక్కడిది? విలన్ వస్తాడు, బెన్ జోకేస్తాడు, కొడతాడు, అయిపోతుంది. మా మేనల్లుడు పడీ పడీ నవ్వుతాడు, నిజానికి నేనూ నవ్వాను. కామెడీగా చూస్తే బాగానే ఉంది. కానీ పాత బెన్ అంటే నాకిష్టం వాడు హీరో అయినందుకు కాదురా, వాచీ వాడి మాట వినదు కాబట్టి. నాలుగు చేతుల బలశాలి ఫోర్ ఆర్మ్స్ కోసం నొక్కితే అరచేతిలో పట్టే గ్రే మ్యాటర్ అవుతాడు. సరిగ్గా అవసరమైనప్పుడు ఎర్రగా మెరిసి టైమ్ అయిపోయిందంటుంది. అసలు అది వీడికి పంపిందే కాదు, జైలీన్ అనే ఏలియన్ తన పాత స్నేహితుడు మ్యాక్స్ కోసం పంపింది. తాతకి రావాల్సిన బరువు పదేళ్ల మనవడి చేతికి తగులుకుంది.

ఇక దెయ్యంలాంటి ఏలియన్ ఘోస్ట్‌ఫ్రీక్. రీబూట్ వాచీలోని మొదటి పదిమంది ఏలియన్లలో వాడు లేడు. వైల్డ్‌మట్, రిప్‌జాస్ కూడా లేరు. వాళ్ల చోట్లో కెనన్‌బోల్ట్, వైల్డ్‌వైన్, ఓవర్‌ఫ్లో వచ్చారు. మొదటి ఇద్దరూ పాత సిరీస్‌లో తర్వాత చేరినవాళ్లే, కాబట్టి కొత్తవాడు ఓవర్‌ఫ్లో ఒక్కడే. ఘోస్ట్‌ఫ్రీక్‌ని తీసేయడం మాత్రం నాకు నచ్చలేదు. వాచీలోంచి వాడు తప్పించుకుని పైచర్మం విప్పేసి, తలకిందులుగా ఉన్న పుర్రె చూపించిన ఎపిసోడ్ తర్వాత నువ్వు మా ఇంట్లో లైట్ వేసుకుని పడుకున్నావు. కాదనకు, అమ్మ సాక్ష్యం.

కానీ బెన్‌కి శత్రువయ్యే కెవిన్ విషయంలో ఆగి ఆలోచించు. పాత కెవిన్‌కి పదకొండేళ్లు, న్యూయార్క్‌లో వాడకం మానేసిన సబ్‌వే స్టేషన్‌లో ఒంటరిగా ఉంటాడు. బెన్‌కి మొదట తెగ నచ్చేస్తాడు, అడిగేవాడు లేని బతుకు మరి. తీరా డబ్బులున్న రైలుని దోచుకోవడానికి జనమున్న రైలుని గుద్దించే ప్లాన్ బయటపెడతాడు. అక్కడ బెన్ ఎదురు తిరుగుతాడు. ఆ స్నేహం తెగడం నాకు పెద్ద విలన్ విల్గాక్స్‌తో యుద్ధాలన్నిటికన్నా బరువుగా అనిపిస్తుంది. రీబూట్ కెవిన్ అలా కాదు, బెన్ మీద కుళ్లుతో యాంటీట్రిక్స్ అనే వాచీని సొంతంగా తయారుచేసుకుంటాడు. వాడి ఏలియన్లు బెన్ ఏలియన్లకే వికారపు రూపాలు. దొరికిన వాచీతో పోజులు కొట్టేవాడికి, కష్టపడి చేసుకున్నవాడు ఎదురుపడతాడన్నమాట. ఇది పాతదాంట్లో లేని మంచి ఆలోచన. చెత్త అని కొట్టిపారేసే ముందు కనీసం వీడి ఎపిసోడ్లైనా చూడరా బాబూ.

గ్వెన్ సంగతికి వస్తే నేను పూర్తిగా నీ పక్షమే. పాతదాంట్లో మంత్రాలు నేర్చుకుని, లక్కీ గర్ల్ అనే హీరో వేషం వేసుకుని బెన్‌కి దీటుగా నిలబడిన పిల్లని కొత్తదాంట్లో చాలావరకు తెలివైన సలహాలకే సరిపెట్టారు.

2021లో ఏలియన్ ఎక్స్‌టింక్షన్ అని ఒక స్పెషల్ వచ్చింది. రీబూట్ బెన్‌ని వేరే లోకాల బెన్‌లతో కలిపారు, మన పాతవాడితో సహా. అది చూస్తుంటే మావాడు నన్ను గోకి, "మామయ్యా, వీళ్లలో అసలు బెన్ ఎవరు?" అన్నాడు. పాతవాణ్ణి చూపించాను. "వాడికి కోపం ఎక్కువలా ఉంది" అని మళ్లీ చిప్స్ ప్యాకెట్‌లో చెయ్యి పెట్టాడు.

వచ్చే నెల నువ్వొచ్చినప్పుడు ఆ సబ్‌వే ఎపిసోడూ, యాంటీట్రిక్స్‌దీ ఒకదాని వెంట ఒకటి పెడతాను. అప్పుడు చూద్దాం ఏమంటావో. ఏలియన్ ఫోర్స్ అనే తర్వాతి సిరీస్‌లో పదిహేనేళ్ల బెన్ గురించి మాత్రం ఎత్తకు, ఆ గొడవ మొదలైతే తెల్లారిపోతుంది. అత్తయ్యకి నమస్కారాలు చెప్పు. వచ్చేటప్పుడు ఆ మాగాయ సీసా మర్చిపోతే గుమ్మంలోనే ఆపేస్తా.

నీ
వాసు