‘రైతు కుర్రాడు’ పలక కొన్నవాళ్లకు ఒక మాట

అందరికీ నమస్కారం. దీపావళి ముందు నా దగ్గర ‘రైతు కుర్రాడు’ ప్లాస్టర్ పలక కొన్న 31 మందికి ఈ ఉత్తరం. మిగతావాళ్లూ చదవచ్చు, దాచేదేమీ లేదు.

అమ్మకం పేజీలో ‘రాండాల్ఫ్ కాల్డెకాట్ చేసిన రిలీఫ్‌కు నకలు’ అని రాశాను. కాల్డెకాట్ అంటే పందొమ్మిదో శతాబ్దంలో పిల్లల పుస్తకాలకు బొమ్మలు గీసిన ఇంగ్లీషు చిత్రకారుడు, రిలీఫ్ అంటే పలక మీద ఉబ్బెత్తుగా తేలేలా చేసిన బొమ్మ. అది తప్పు. పోయిన వారం లెస్టర్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, “అసలుది ఏ మ్యూజియంలో ఉంది తమ్ముడూ, సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్తాను” అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఈ పలకకు అసలుదంటూ ఏదీ లేదండీ. 1881లో వచ్చిన ఆయన ‘ది ఫార్మర్స్ బాయ్’ పుస్తకంలో బొమ్మలు చూసి బంకమట్టితో నేను చేసుకున్నది. గీత ఆయనది, మట్టి పని నాది. ‘ఆయన బొమ్మ ఆధారంగా’ అని రాస్తే చప్పగా ఉంటుందనిపించింది. అక్కడే కక్కుర్తి పడ్డాను.

కాల్డెకాట్ నిజంగానే రిలీఫ్‌లు చేశారు కాబట్టి నాకు ఆ ధైర్యం వచ్చింది. నేనుంటున్న ఈ మాంచెస్టర్‌లోనే ఆయన బ్యాంకు గుమాస్తాగా పనిచేసి, 1872లో లండన్ వెళ్లారు. పారిస్ కమ్యూన్ అనే తిరుగుబాటు ప్రభుత్వం కూలిపోయాక అక్కడికి పారిపోయి వచ్చిన దలూ అనే ఫ్రెంచి శిల్పి దగ్గర మట్టి పని నేర్చుకున్నారు. 1876లో రాయల్ అకాడమీ ప్రదర్శనలో కాల్డెకాట్ లోహపు రిలీఫ్ ఒకటి పెట్టారు. ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో జరిగే గుర్రాల సంత దాని విషయం. పిల్లల పుస్తకాలు ఆ తర్వాత, 1878 నుంచి ఏడాదికి రెండు చొప్పున పదహారు. అమెరికాలో ఉన్నవాళ్లకు పిల్లల పుస్తకాల మీద కాల్డెకాట్ మెడల్ ముద్ర తెలిసే ఉంటుంది, అక్కడ మంచి బొమ్మల పుస్తకానికి ఏటా ఆయన పేరిట ఇచ్చే బహుమతి అది. ఆ మెడల్ మీద గుర్రం పరుగు కూడా ఆయన బొమ్మలోంచి తీసుకున్నదే, అదీ ఒక రిలీఫే. కానీ దాన్ని చేసింది వేరే శిల్పి. నేనూ అలాగే నిజం చెప్పి ఉంటే సరిపోయేది.

పని సంగతి చెబుతాను. ఎంత తక్కువ గీతలతో అంత ఎక్కువ చెప్పే మనిషి కాల్డెకాట్. కంచె, రెండు గొర్రెలు, దూరంగా చెట్టు, మిగతాదంతా తెల్ల కాగితం. కాగితం మీద ఆ ఖాళీయే ఆకాశం, అదే పొలం. మట్టిలో ఆ వీల్లేదు, ప్రతి జాగాకీ ఒక లోతు తేల్చుకోవాలి. నా పలక మొత్తం మందంలో బొమ్మకు దొరికేది 12 మిల్లీమీటర్లు. ముందున్న గొర్రె వీపు అందులో సగం తినేస్తే, వెనక కుర్రాడికి, చెట్టుకి, కొండకి మిగిలింది ఎంత? మూడుసార్లు చెరిపి మళ్లీ చేశాను. మొదటిసారి గొర్రెలు దిండ్లలా వచ్చాయి. బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి పలకల ముందు ఒక పూటంతా నిలబడ్డాక గానీ, వెనకవాటిని ఎంత పల్చగా అణచాలో అర్థం కాలేదు. అంత జనాన్ని ఒక్క రాతిలో ఎలా సర్దారో మహానుభావులు!

ఇక రెండో తప్పు. ప్లాస్టర్ అరగంటలో గట్టిపడుతుంది గానీ లోపలి తడి పోవడానికి రోజులు పడుతుంది. ఈ ఊరి చలికి, వానకి ఇంకా ఎక్కువ. పండగ ఆర్డర్ల టెన్షన్‌లో చివరి తొమ్మిది పలకలకు ఆరకముందే మైనం రాశాను. తడి లోపలే చిక్కుకుని పసుపు మరకలు తేలాయి. ఇద్దరు ఫోటోలు పంపారు, ఇంకా ఎవరిదైనా అలా ఉంటే మొహమాటపడకండి.

మరక పడ్డ పలకకు కొత్తది పంపుతాను, పాతది తిరిగి పంపనక్కర్లేదు. ‘నకలు’ అన్న మాట నమ్మి కొన్నవాళ్లు అడిగితే 45 పౌండ్లూ పోస్టేజీతో సహా వెనక్కి ఇస్తాను, కారణం అడగను. పేజీ మార్చేశాను. కొత్త పోతలకు కనీసం మూడు వారాలు ఆరబెట్టాకే మైనం. అందుకే ఈసారి ఆర్డరిస్తే జనవరి మొదటి వారం లోపు రాదు.

సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టొచ్చా అని ముగ్గురు అడిగారు. నిక్షేపంగా పెట్టుకోండి. దీపం మాత్రం పలకకు ఎదురుగా కాకుండా ఒక పక్కగా పెట్టండి. ఎదురు వెలుగులో అది ఉత్తి తెల్ల బిళ్లలా ఉంటుంది, పక్క వెలుగు పడితే గొర్రెలు లేచి నిలబడతాయి.