రాత్రి రెండింటికి వచ్చిన నీ మెసేజ్‌కి

ఒరేయ్, అస్సలాము అలైకుం.

నీ మెసేజ్ తెల్లవారుజామున ఫజ్ర్ నమాజ్‌కి లేచాక చూశాను. "నిద్ర పట్టట్లేదు, ఏదైనా దుఆ చెప్పు" అని, చదువుకోవడానికి ఓ ప్రార్థన అడుగుతూ ఒకే ఒక్క ముక్క. లొడలొడా వాగే నువ్వు ఇంత పొట్టిగా రాశావంటే విషయం గట్టిదే. ఫోన్ చేస్తే "ఏం లేదురా" అని దాటేస్తావు, అందుకే రాస్తున్నా.

నేను చదివేది ఇదీ: అల్లాహుమ్మ ఇన్నీ అఊజు బిక మినల్ హమ్మి వల్ హజన్, వల్ అజ్జి వల్ కసల్, వల్ బుఖ్లి వల్ జుబ్న్, వ దలఇద్ దైని వ గలబతిర్ రిజాల్. ప్రవక్త (స) నోట ఇది తరచూ వినేవాణ్ణని ఆయనకి సేవ చేసిన అనస్ (రజి) చెప్పారు, బుఖారీ హదీసుల గ్రంథంలో ఉంది. దిగులు, దుఃఖం, చేతకానితనం, బద్ధకం, పిసినారితనం, పిరికితనం, అప్పుల బరువు, మనుషులు మన మీద పైచేయి కావడం, ఈ ఎనిమిదింటి నుంచీ అల్లాహ్ శరణు కోరడం. హమ్మ్ అంటే రేపటి గురించి, హజన్ అంటే అయిపోయినదాని గురించి అంటారు పండితులు. రాత్రి రెండింటికి మనల్ని కూర్చోబెట్టేవి ఆ రెండేగా.

మొదట్లో నాకు అర్థం కాలేదు, టెన్షన్ పోవాలని చదివే దుఆలో బద్ధకం ఎందుకు, అప్పెందుకు అని. నీకు చెప్పలేదు గానీ పోయినేడు ఒకాయన దగ్గర చేబదులు తీసుకుని తీర్చలేకపోయాను. ఫోన్ మీద ఆయన పేరు కనబడగానే బోర్లా తిప్పి పెట్టేసేవాణ్ణి, తప్పక ఎత్తితే "వచ్చే వారం ఖాయం" అనేవాణ్ణి, ఆ వారం రాదని నాకు తెలుసు, పాపం ఆయనకీ తెలుసు. అప్పు నుంచి మీరు ఇంతగా శరణు కోరతారేమని ప్రవక్త (స)ని ఒకరు అడిగితే, అప్పులో ఉన్నవాడు నోరు తెరిస్తే అబద్ధమాడతాడు, మాటిస్తే తప్పుతాడు అన్నారట. అది చదివి చెవులు ఎర్రబడ్డాయిరా.

ఆ పూట నమాజ్ అయ్యాక చేతులెత్తి తెలుగులోనే అడిగాను, ఎందుకంటే "దలఇద్ దైని" దగ్గర నాకు ఇప్పటికీ నాలుక తడబడుతుంది. తర్వాత నేనే ఆయనకి ఫోన్ చేసి, "మొత్తం ఇప్పుడు కుదరదు, నెలనెలా ఇంత ఇస్తాను" అన్నాను. కాసేపు తిట్టాడు, సరేనన్నాడు. ఆ రాత్రి నిద్రపోయాను. అప్పు మాత్రం అలాగే ఉంది.

ఇన్నిసార్లు చదివితే మూడు రోజుల్లో పని అయిపోతుందని ఫార్వర్డులు వస్తుంటాయి చూడు, వాటిని పట్టించుకోకు. ఇంకా చిన్నది కావాలంటే యూనుస్ ప్రవక్త (అలై) చేప కడుపులో చేసిన దుఆ ఉంది, ఖురాన్‌లో సూరా అంబియా 87వ ఆయతు: లా ఇలాహ ఇల్లా అంత సుబ్‌హానక ఇన్నీ కుంతు మినజ్ జాలిమీన్. నువ్వు తప్ప ఆరాధ్యుడు లేడు, నువ్వు పవిత్రుడివి, తప్పు చేసినవాణ్ణి నేనే అని. నిద్ర మాత్రం ఇలాగే వారాల తరబడి పట్టకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తా.

ఆ ఎనిమిదిలో నీది ఏదో ఒక్క మాటలో రాయి చాలు. ఇవాళ రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టను.