ఆ మాత్రలు వాడే పిల్లల లెక్క ఎవరి దగ్గర ఉంది?

సంపాదకులకు,

అయ్యా,

ఏడీహెచ్‌డీ (దేనిమీదా ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య) ఉన్న పిల్లలకు రాసే మిథైల్‌ఫెనిడేట్ మాత్ర గురించి మా దేవరకొండ ప్రాంతంలో రెండే మాటలు వినిపిస్తాయి. 'మత్తుమందు అది, బుర్ర మొద్దుబారిపోతుంది' అని చుట్టాలు భయపెడతారు. 'ఏమీ కాదు, వాడండి' అని డాక్టర్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేవాణ్ని కాబట్టి తల్లిదండ్రులు నన్నూ అడుగుతుంటారు: 'సార్, ఏళ్ల తరబడి వాడితే పిల్లవాడి మెదడు ఏమవుతుంది?' పై రెండు మాటల్లో ఏదీ దీనికి జవాబు కాదు.

మందు కొత్తదేమీ కాదు. 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో తయారై, 1954లో రిటాలిన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. మెదడులో విడుదలైన డోపమైన్ అనే రసాయనాన్ని కణాలు వెంటనే వెనక్కి లాక్కోకుండా అడ్డుకుంటుంది. చాలామంది అనుకుంటున్నట్టు నిద్రమాత్ర కాదు, ఉత్తేజం కలిగించేది. కొద్దికాలం వరకు బాగానే పనిచేస్తుందనడంలో పెద్ద వివాదం లేదు. ఇది వాడడం మొదలుపెట్టాక లెక్కను మధ్యలో వదిలేయకుండా చివరిదాకా చేసిన పిల్లలను నేనూ చూశాను. చిక్కంతా ఆ తర్వాతి సంవత్సరాలతోనే.

అమెరికా, కెనడాల్లో 579 మంది పిల్లలతో చేసిన ఎంటీఏ అధ్యయనం తొలి ఫలితాలు 1999లో వచ్చాయి. 14 నెలలు జాగ్రత్తగా మోతాదు చూసి మందు ఇచ్చిన పిల్లలు, ప్రవర్తన శిక్షణ మాత్రమే పొందినవారికన్నా మెరుగయ్యారు. మూడేళ్లు తిరిగేసరికి ఆ తేడా చెరిగిపోయింది. పెద్దయ్యాక చూస్తే, మానకుండా వాడినవారు మిగతావారికన్నా సగటున రెండు సెంటీమీటర్లకు పైగా పొట్టిగా ఉన్నారు. యూరప్ దేశాల్లో చేసి 2023లో ప్రచురించిన పరిశోధనలో మాత్రం రెండేళ్లలో పెరుగుదల తగ్గినట్టు తేలలేదు, నాడి వేగం, రక్తపోటు కొంత పెరిగాయి. వీటిని కొలవడానికి టేపు, రక్తపోటు యంత్రం చాలు. మెదడు అంత సులువుగా లొంగదు. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నాలుగు నెలలు మందు వాడిన 10-12 ఏళ్ల అబ్బాయిల మెదడులో రక్తప్రసరణ తీరు మారింది, పెద్దవారిలో మారలేదు. ఆ మార్పు మేలుకో కీడుకో నాలుగు నెలల్లో తేలేది కాదు. 2013లో అమెరికాలో వెలువడిన మరో పరిశోధనలో, ఏడాది వాడిన పెద్దవారిలో డోపమైన్‌ను వెనక్కి లాగే ప్రోటీన్ 24 శాతం పెరిగినట్టు కనిపించింది. చూసింది ఎంతమందిని? 18 మందిని! మా బడిలో ఒక్క తరగతిలోనే అంతకన్నా ఎక్కువమంది కూర్చుంటారు.

పైగా మార్పు కనిపించినంత మాత్రాన నింద మందు మీద వేయడానికీ లేదు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మెదడు పైపొర ఎదుగుదలే సుమారు మూడేళ్లు ఆలస్యమని 2007లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. ఏది జబ్బు వల్ల, ఏది మందు వల్ల అన్నది విడదీయాలంటే వాడేవారినీ వాడనివారినీ పక్కపక్కన పెట్టి ఏళ్ల తరబడి చూడాలి. సగంమందికి ఉత్తుత్తి మాత్రలిచ్చి పదేళ్లు పరీక్షించడం ఎలాగూ న్యాయం కాదు.

నెమ్మదిగా బయటపడే మార్పు అంటే ఏమిటో నల్లగొండ జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారి ఎముకలే సాక్ష్యం. ఆ నీళ్లనూ ఈ మందునూ ఒకే గాటన కట్టడం లేదు. ఇది డాక్టరు చూసి ఇచ్చే ఔషధం, ఎవరూ నా లేఖ చదివి మాన్పించవద్దు. ఏళ్ల మీద వచ్చేదాన్ని ఏళ్ల తరబడి కొలిస్తేనే పట్టుకోగలమంటున్నాను, అంతే.

కొలిచేవారు లేరా అంటే ఉన్నారు. బడులకు వచ్చి పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. మందు మొదలుపెట్టిన రోజు నుంచే ప్రతి పిల్లవాడి ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు, నిద్ర, ఆకలి ఒక రిజిస్టరులో రాయించాలి. ప్రైవేటు డాక్టర్ల దగ్గర వాడుతున్నవారినీ అందులో చేర్చాలి. వారిలో ఒప్పుకున్న కొందరికైనా రెండు మూడేళ్లకోసారి మెదడు స్కానింగు ఉచితంగా చేయించాలి. ఇంటర్మీడియట్‌తో ఆపేయకుండా, పెద్దయ్యాక కూడా కబురు పెట్టి పిలవాలి.

పేర్లు మాత్రం గడప దాటకూడదు. 'పిచ్చి మాత్రలు' అన్న ముద్ర ఒకసారి పడితే మా ఊళ్లలో పెళ్లి సంబంధాల దాకా వెంటాడుతుంది. ఆ భయం తీర్చకపోతే ఏ తల్లీ రిజిస్టరులో పిల్లవాడి పేరు రాయించదు.

– ఒక గణిత ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా