మంత్రిగారూ, ఆ నాణేలకు బొరుసు కూడా ఉంది

పురావస్తు శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

మ్యూజియంలోని రోమన్ బంగారు నాణేల గురించి ఇది నా నాలుగో లేఖ. మొదటి మూడింటికీ రసీదులు వచ్చాయి, జవాబు రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. పిల్లల్ని మ్యూజియానికి తీసుకెళ్తే, అద్దాల పెట్టెలో నాణేల కింద ‘రోమన్ నాణేలు’ అని ఇంగ్లీషు చీటీ ఒక్కటే ఉంది. ఏ చక్రవర్తివి, ఏ ఊళ్లో దొరికాయి? ఏమీ లేదు. ‘ఈయనెవరు సార్?’ అని ఒక అమ్మాయి అడిగింది. తలమీద ఆకుల దండ ఉన్నాయన తిబేరియస్ అనీ, క్రీ.శ. 14 నుంచి 37 దాకా ఏలాడనీ, చుట్టూ ఉన్న లాటిన్ అక్షరాల్లో తాను అంతకుముందు చక్రవర్తి, దేవుడైన అగస్టస్ కొడుకునని చెప్పుకున్నాడనీ చెప్పాను. ‘వెనక ఏముంది సార్?’ అంది. రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. ఆమె చక్రవర్తి తల్లి లివియా అని చాలామంది పండితులు అంటారు. ఇదంతా నేను నోటితో చెప్పాను గానీ పిల్లలు చూసింది మాత్రం బొమ్మ వైపే.

ఇంకో నాణెం మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంది. ‘ఎవరు కొట్టారు?’ అన్నారు. 1898లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో దొరికిన నిధిలో చాలా నాణేలకు ఇలాంటి గాట్లే ఉన్నాయి. మళ్లీ చలామణీ కాకుండా కొట్టారని కొందరి అభిప్రాయం. ఆ మాట చీటీ మీద రాస్తే ఎంత బాగుంటుంది! కొన్నిటికి రంధ్రాలున్నాయి, అంటే ఇక్కడి వాళ్లు వాటిని మెడలో వేసుకున్నారన్నమాట. కాసులపేరు తెలిసిన మన పిల్లలకు ఆ ఒక్క మాట చాలు, రోమ్ దగ్గరైపోతుంది.

నాగార్జునకొండలో, వినుకొండలో ఈ బంగారం మన నేలలోనే దొరికిందని మన పిల్లలకే తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంది. అయ్యా, నేను అడిగేది కొత్త భవనం కాదు. వెనకవైపు కనిపించేలా నాణెం కింద ఒక అద్దం ముక్క, పక్కన తెలుగులో నాలుగు వాక్యాలు, దొరికిన ఊరి పేరు. మూడు లేఖల్లోనూ ఇవే అడిగాను. ఈసారైనా ఎవరో ఒకరు చదివి జవాబివ్వాలని వేడుకుంటున్నాను.

డిసెంబరులో తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకొస్తున్నాను. అప్పటికి తెలుగు చీటీ లేకపోయినా పర్వాలేదు, నేను చెప్పుకుంటాను. బొరుసు మాత్రం కనిపించేలా చేయండి.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్