సుబేదార్ మాటకీ కాగితం మీద చోటివ్వండి

రక్షణ మంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారికి నమస్కారం.

మా నాన్న ఆర్మీలో హవల్దార్‌గా రిటైరయ్యారు. మా వైపు మిలటరీ మాధవరం లాంటి ఊళ్ల నుంచి తరాలుగా సైన్యంలోకి వెళ్తున్నవాళ్లలో ఎక్కువమంది జవాన్లు, హవల్దార్లు, సుబేదార్లే కాబట్టి వాళ్ల తరఫున ఒక్క విషయం అడుగుతున్నాను.

డెహ్రాడూన్ మిలటరీ అకాడమీలో ట్రైనింగ్ ముగించుకుని యూనిట్‌కి వచ్చే లెఫ్టినెంట్‌కి ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. అతని కింద పనిచేసే సుబేదార్‌కి సర్వీసే ఇరవై ఏళ్లు దాటి ఉంటుంది. ఏ వాలులో మంచు జారుతుందో, ఏ కుర్రాడు ఇంటి టెన్షన్‌తో నిద్రపోవడం లేదో ఆయనకి తెలుసు. ఆయన్ని 'సాబ్' అని పిలిచి, పక్కన కూర్చుని నేర్చుకునే ఆఫీసర్లు చాలామందే ఉన్నారు. కానీ అదంతా ఆ ఆఫీసర్ స్వభావం మీద ఆధారపడింది, వినకపోతే అడిగేవాళ్లు లేరు.

1987లో సియాచిన్‌లో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. దాదాపు 21 వేల అడుగుల ఎత్తున ఉన్న పాకిస్తాన్ పోస్టుకి దారి వెతుకుతూ సెకండ్ లెఫ్టినెంట్ రాజీవ్ పాండే, ఆయన వెంట వెళ్లినవాళ్లలో చాలామంది మే నెలలో ప్రాణాలిచ్చారు. జూన్‌లో ఆ పోస్టుని పట్టుకున్న చివరి దాడికి ముందు నడిచింది నాయబ్ సుబేదార్ బాణా సింగ్. మంచుతుఫానులో, నిలువు గోడలాంటి కొండ మీద ఆయన్ని నమ్మి పంపిన పైఅధికారుల నిర్ణయం కూడా గొప్పదే. ఇప్పుడా పోస్టుకి ఆయన పేరే ఉంది.

ఆఫీసర్ అధికారం తగ్గించమని నేను అనడం లేదు, ఆర్డర్ ఆయనదే, బాధ్యతా ఆయనదే. ఆర్డర్ ఇచ్చేముందు అడగడం వల్ల క్రమశిక్షణేమీ చెడదు.

జవాన్లని నాలుగేళ్లకే తీసుకునే అగ్నిపథ్ పథకం వచ్చాక ఇది ఇంకా అవసరం. నాలుగేళ్లయ్యాక వాళ్లలో 25 శాతం దాకానే ఉంచుకుంటామని 2022లో చెప్పారు కదా, రేపటి హవల్దార్లు, సుబేదార్లు రావాల్సింది అలా మిగిలినవాళ్లలోంచే. సర్వీసు ముదిరినవాళ్లు తగ్గేకొద్దీ వాళ్లకి తెలిసింది వాళ్లతోపాటే రిటైరైపోతుంది.

అందుకే ప్రతి ఆపరేషన్, ప్రతి పెద్ద ఎక్సర్‌సైజ్ తర్వాత రాసే రిపోర్టులో జేసీవోల (సుబేదార్, నాయబ్ సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల), హవల్దార్ల అభిప్రాయాన్ని వాళ్ల మాటల్లోనే, వాళ్ల సంతకంతో విడిగా పెట్టించండి. ఆఫీసర్‌తో విభేదించినా సరే, దాన్ని ఎవరూ కొట్టేయకుండా చూడండి. కొత్త లెఫ్టినెంట్లకి ట్రైనింగ్‌లో ఆ కాగితాలే చదివించండి.